ప్రథమ ఫలాలు లెక్కపెట్టాం, పొలం ఎవరిదని అడిగామా?

ఊత్తుకోట చుట్టుపక్కల తెలుగు సంఘాల్లో కోత పండుగ వచ్చిందంటే ఒకప్పుడు మందిరం ముందు ఎద్దులబండ్లు ఆగేవి. వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, గంపల్లో వేరుశనక్కాయలు, కాళ్లు కట్టేసిన కోడిపుంజులు దిగేవి. ఆరాధన ముగిశాక వేలంపాట. ఒక్క గుమ్మడికాయ కోసం ఇద్దరు పెద్దలు పంతానికి పోయి పాడుతుంటే చూడ్డానికి పిల్లలం ముందు వరుసకు చేరేవాళ్లం. పోయిన కోత పండుగకు బల్ల ముందు రెండు గుమ్మడికాయలు, ఒక అరటి గెల ఉన్నాయి. అవీ బస్టాండు దగ్గర కొన్నవే. మిగిలినవన్నీ కవర్లు. కవరు మీద పేరు, లోపల కంపెనీ జీతం. కానుక సంచి పట్టుకున్న తమ్ముడు రెండో చేత్తో క్యూఆర్ కోడ్ అట్ట పట్టుకుని నిలబడ్డాడు.

అంతకు ముందటి ఏడు అలాంటి కవరే తెచ్చిన ఒక చెల్లెలి సంగతి చెప్పాలి. ప్లస్ టూ అయిన వెంటనే ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద చేరింది. తెల్లవారుజామున మూడున్నరకు రోడ్డు మీదికి వచ్చి నిలబడితే కంపెనీ బస్సు ఎక్కించుకునేది. మొదటి నెల జీతం పైసా తీయకుండా ప్రథమ ఫలమని తెచ్చి పెట్టింది. అయ్యగారు ఆమెను నిలబెట్టి ప్రార్థన చేశారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. మేమూ కొట్టాం. ఎనిమిది నెలలకు జ్వరం వచ్చి నాలుగు రోజులు పనికి పోలేకపోయింది. ఐదో రోజు బస్సు ఆమెను ఎక్కించుకోలేదు. పేరు తీసేశారని డ్రైవరే చెప్పాడు. నోటీసు లేదు, కాగితం లేదు. ఆ ఆదివారం ప్రార్థన మనవుల్లో ఆమె పేరు ఎవరూ చదవలేదు. ఈసారి పండుగకు ఆమె రాలేదు. తేవడానికి ఏమీ లేదని సిగ్గుపడి ఇంట్లోనే ఉండిపోయిందని వాళ్లమ్మ చెప్పింది.

యువతీ యువకులారా, ఆ సిగ్గు మనం పడాల్సింది.

ఎందుకంటే అదే నెలలో మన యూత్ మీటింగులో ఒక మాట విన్నాం. మంచి ఉద్యోగంలో ఉన్న ఒక అన్న వచ్చి వాక్యం చెబుతూ, ఈ కష్టాలన్నీ కొన్నాళ్లే, చైనా కూడా ఇలాగే ఎదిగింది, ఓపిక పడితే ఇరవై ఏళ్లలో మనమూ చైనా అవుతాం, దేవుడు మన ప్రాంతాన్ని దర్శించాడు అన్నాడు. ఆమేన్ అన్నారు. ఈ మాట ఆయనొక్కడిదే కాదు. పేపర్లలో, టీవీల్లో, రెండు రాష్ట్రాల మంత్రుల ప్రసంగాల్లో రోజూ వినిపించేదే. చైనా నుంచి కంపెనీలు బయటికి వస్తున్నాయి, అవి మన గడప తొక్కుతున్నాయి, ఇంకేం కావాలి? అందుకే చైనా నిజంగా ఎలా ఎదిగిందో, అందులో మనం ఏది తెచ్చుకుని ఏది వదిలేశామో ఒకసారి తేల్చుకుందాం.

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. మార్పు నిజం. 1970లలో చైనాలో పెళ్లి కుదరాలంటే పిల్లవాడింట్లో సైకిలు, చేతి గడియారం, కుట్టుమిషను, రేడియో ఉండాలనేవారట. మన పల్లెల్లో అదే కాలంలో కట్నంగా అడిగినవేమిటో మీ తాతయ్యను అడిగి చూడండి. సైకిలు, వాచీ, రేడియో! ఆ తర్వాత వాళ్లింటికి టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీను వచ్చాయి. బియ్యం, నూనె, గుడ్డ కొనడానికి కావలసిన కూపన్లు 1990ల మొదట్లో మాయమయ్యాయి. మన ఇళ్లకు 2006 తర్వాత కరుణానిధి ప్రభుత్వమిచ్చిన కలర్ టీవీ వచ్చింది, 2011 తర్వాత జయలలిత ప్రభుత్వమిచ్చిన మిక్సీ, గ్రైండరు, ఫ్యాను వచ్చాయి. రోలు పెరట్లోకి పోయింది. ఆ రోటి దగ్గర నడుము విరిగిన మన అమ్మమ్మలు దాన్ని తలచుకుని ఏడవలేదు, మేమూ ఏడవం. పాతకాలం బంగారమని చెప్పే ప్రసంగాలు మాకు నచ్చవు. ఆ బంగారు కాలంలో మన తాతలు టీ కొట్టు బయట నిలబడి వేరే గ్లాసులో తాగారు.

ఆ తర్వాత ఫోను. 2015 ఆగస్టులో షియోమి అనే చైనా కంపెనీ ఇండియాలో తయారైన తన మొదటి ఫోనును విడుదల చేసింది. దాన్ని తయారుచేసింది ఫాక్స్‌కాన్ అనే తైవాన్ కంపెనీ. తయారైన చోటు మన సత్యవేడు పక్కనున్న శ్రీసిటీ. ఆ లైన్ల మీద నిలబడి పనిచేసినవారిలో అత్యధికులు చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలే. అంటే చైనా కథ మనకు దూరపు కథ కాదు. షెన్‌జెన్‌లో చైనా పల్లెటూరి అమ్మాయిలు ఏ బల్ల ముందు కూర్చున్నారో, ఆ బల్లను తెచ్చి మన చెల్లెళ్ల ముందు వేశారు.

బల్ల వచ్చింది. దాని కింది నేల రాలేదు. మా వాదమంతా ఇదే.

చైనాలో ఫ్యాక్టరీలకు ముందు ఏం జరిగింది? 1950లో భూసంస్కరణ చట్టం వచ్చింది. రెండు మూడేళ్లలో భూస్వాముల నేలను కోట్లాది పేద రైతులకు పంచారు. అది రక్తం లేకుండా జరగలేదు, ఆ సంగతి దాచకూడదు. తర్వాత ఆ నేలనే కమ్యూన్లలో కలిపేశారు, 1959 నుంచి 1961 వరకు వచ్చిన కరువులో కోట్ల మంది ఆకలితో చచ్చిపోయారు. దాన్నీ దాచకూడదు. అయినా ఆ ముప్ఫై ఏళ్లలోనే పల్లె పల్లెకు బడి వచ్చింది, ఆడపిల్లలు అక్షరాలు నేర్చారు. బేర్‌ఫుట్ డాక్టర్లని పేరుపడిన గ్రామ వైద్య కార్యకర్తలు ఇంటింటికీ టీకాలు, మందులు తీసుకుపోయారు. 1949లో నలభై లోపే ఉన్న సగటు ఆయుర్దాయం 1978 నాటికి 65 ప్రాంతానికి చేరింది. చైనా సంస్కరణలు ఫలించడానికి వాటికి ముందు జరిగిన ఈ చదువు, ఆరోగ్యం, భూమి పనులే పునాది అని అమర్త్యసేన్ ఎప్పటి నుంచో చెబుతున్నాడు. ఆయన కమ్యూనిస్టు కాదు. ఆ కరువును, పత్రికలకు నోరు లేని ఆ పాలనను గట్టిగా విమర్శించినవాడే.

1978లో అన్‌హుయ్ రాష్ట్రంలోని షియావ్‌గాంగ్ అనే పల్లెలో 18 మంది రైతులు రహస్యంగా ఒక కాగితం మీద వేలిముద్రలు వేసి, కమ్యూను నేలను ఇంటికింత అని పంచుకున్నారు. ఆ పద్ధతి దేశమంతా పాకింది. నేల యాజమాన్యం గ్రామానిదే, సాగు హక్కు ఇంటిది. 1980లో షెన్‌జెన్‌ను ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించాక ఫ్యాక్టరీకి బయల్దేరిన అమ్మాయి వెనక ఆ చెక్క ఉంది. పని పోతే ఊరికి తిరిగి వచ్చి ఆ చెక్కలో ఇంత పండించుకుని తినగలదు. జీతం తక్కువైనా ఆమె బతకగలిగింది అందుకే. కంపెనీ అంత చవకగా పని చేయించుకోగలిగింది కూడా అందుకే. పరిశోధకులు ఈ రెండు మాటలూ చెబుతారు.

ఇప్పుడు మన సంగతి.

1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హియర్ తన జిల్లాలోని పరయర్ల బతుకు మీద ఒక నివేదిక రాశాడు. గుడిసె వేసుకున్న చోటు కూడా తమది కాక, తరాల అప్పుకు కట్టుబడి పనిచేస్తున్న మనుషుల గురించి రాశాడు. ఊత్తుకోట అప్పుడు ఆ జిల్లాలోదే. ఆ నివేదిక ఫలితంగా 1892లో మద్రాసు ప్రభుత్వం అణగారిన కులాలకు నేల కేటాయించే ఉత్తర్వు ఇచ్చింది. పంచమి నేలలని పేరొచ్చింది వాటికే. ఇతరులు కొనకూడదు, ఇతరులకు అమ్మకూడదు అని షరతు. తమిళనాడు మొత్తంలో అలా ఇచ్చింది పన్నెండు లక్షల ఎకరాలంటారు. వాటిలో అత్యధిక భాగం ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉందో మీకు చెప్పనక్కర్లేదు. పట్టా కాగితం మన తాత పేరున, కంచె ఇంకొకరిది. 1994 అక్టోబరులో అదే చెంగల్పట్టు జిల్లా కరణైలో పంచమి నేల తిరిగి ఇమ్మని దళితులు పోరాడితే పోలీసు కాల్పుల్లో జాన్ థామస్, ఏళుమలై చనిపోయారు. ఈ రెండు పేర్లూ మన పాస్టర్ల ప్రసంగాల్లో ఎన్నిసార్లు విన్నారు?

నేల సంగతి అది. నీళ్ల సంగతి చూడండి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుని, కండలేరు నుంచి పూండి జలాశయానికి కాలువ తవ్వారు. 1996లో మొదటిసారి కృష్ణా నీళ్లు ఆ కాలువలో తమిళనాడు సరిహద్దు దాటాయి. ఆ సరిహద్దు చోటునే జీరో పాయింట్ అంటారు, అది ఊత్తుకోట దగ్గరే. ఆ నీళ్లు చెన్నై కుళాయిలకు పోతాయి. పోనివ్వండి, దప్పిగొన్నవాడికి నీళ్లివ్వమనే మనకు నేర్పారు. కానీ ఇంత అభివృద్ధి మన గట్టు మీదుగానే నడిచిపోతుంటే, గట్టున ఉన్నవాళ్లం అలా చూస్తూ నిలబడడం అలవాటు చేసుకున్నాం. నీళ్ల కాలువ పోయింది, ఇటుకల లారీలు పోయాయి, ఇప్పుడు బస్సుల్లో పిల్లలు పోతున్నారు.

ఇటుకలంటే గుర్తొచ్చింది. ఈ పరిశ్రమల షెడ్లకు, ఆ అపార్ట్‌మెంట్లకు ఇటుక ఎక్కడిది? 1976లో వెట్టిచాకిరీని చట్టం రద్దు చేసింది. 2011లో మన తిరువళ్లూరు జిల్లాలో ఒకే బట్టీ నుంచి ఐదు వందల మందికి పైగా ఒడిశా కూలీలను వెట్టి నుంచి విడిపించారు. అప్పు తీర్చేదాకా గేటు దాటనివ్వని బతుకు, ట్రెమెన్‌హియర్ రాసిన నూట ఇరవై ఏళ్ల తర్వాత కూడా! ఇరులర్ కుటుంబాలు బియ్యపు మిల్లుల్లో, బట్టీల్లో అలాగే నలిగాయి. అయితే మన జిల్లాలోనే, విడుదలైన ఇరులర్ కుటుంబాలు జిల్లా యంత్రాంగం తోడ్పాటుతో సొంతంగా ఇటుక బట్టీ నడుపుకున్న ఉదాహరణ కూడా ఉంది. చేయాలనుకుంటే జరుగుతుందని తెలియడానికి ఇది చెబుతున్నాం.

ఇక ఫ్యాక్టరీలు. శ్రీపెరుంబుదూరులో నోకియా 2006లో మొదలైంది. వేలమంది చేరారు, ఎక్కువమంది యువతులే. మన సంఘాల్లో సాక్ష్యాలు చెప్పుకున్నాం. 2014 నవంబరు 1న అది మూతపడింది. పాతికేళ్లు నిండని పిల్లలు స్వచ్ఛంద పదవీ విరమణ కాగితాల మీద సంతకాలు పెట్టారు. అప్పుడు వాళ్లు ఏ నేల మీదికి తిరిగి వచ్చారు? పొరంబోకులో పట్టా లేని ఇంటికి.

2021 డిసెంబరులో ఫాక్స్‌కాన్ కార్మికుల హాస్టల్లో తిండి విషమై 150 మందికి పైగా అమ్మాయిలు ఆసుపత్రి పాలయ్యారు. కొందరు చనిపోయారన్న పుకారు పుట్టింది, నిజం చెప్పేవాళ్లు లేరు. వేలాది అమ్మాయిలు రాత్రివేళ చెన్నై–బెంగళూరు రహదారి మీద కూర్చున్నారు. కిక్కిరిసిన గదులు, నీళ్లు సరిగా లేని స్నానాల గదులు అప్పుడుగాని లోకానికి తెలియలేదు. ఇదే కంపెనీ షెన్‌జెన్ హాస్టళ్లలో 2010లో కార్మికులు ఒకరి తర్వాత ఒకరు పైనుంచి దూకి చనిపోయారు. పద్నాలుగు మంది. కంపెనీ భవనాల చుట్టూ వలలు కట్టింది. ఇరవై ఏళ్లలో చైనా అవుతామన్న అన్నకు మా మనవి: హాస్టలు విషయంలో మనం ఇప్పటికే అయ్యాం.

2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ మరొకటి బయటపెట్టింది. శ్రీపెరుంబుదూరు ఐఫోన్ ఫ్యాక్టరీలో పెళ్లయిన ఆడవాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకోకుండా తిప్పి పంపుతున్నారని. ఇల్లు, పిల్లలు ఉంటే పని సాగదట. మన మందిరాల్లో వివాహం ఘనమైనదని బోధిస్తాం కదా, మరి మెడలో తాళి, వేలికి ఉంగరం ఉన్నందుకు పని లేదన్నప్పుడు మన బిషప్పుల నుంచి ఒక్క ఖండన వచ్చిందా?

చైనాలో ఆడవాళ్లు ఈ వెల మరో రకంగా కట్టారు. 1958 నుంచి ఉన్న హుకౌ అనే నివాస నమోదు వల్ల పల్లె నుంచి వచ్చిన కార్మికురాలి పిల్లలకు నగరంలో బడి సులభంగా దొరకదు. అందుకే పిల్లల్ని అవ్వతాతల దగ్గర వదిలి వెళ్లారు. అలా ఊళ్లో మిగిలిపోయిన పిల్లలు ఒక దశలో ఆరు కోట్లకు పైనే. అక్కడ పార్టీ అదుపులో ఉన్న యూనియను తప్ప మరొకటి పెట్టుకునే హక్కు లేదు. 2018లో షెన్‌జెన్‌లో జాసిక్ అనే కంపెనీ కార్మికులు సొంత యూనియన్ పెట్టుకోబోతే పోలీసులు పట్టుకుపోయారు. పెకింగ్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల చదివే విద్యార్థులు వాళ్లకు తోడుగా వెళ్లి నిలబడ్డారు, వాళ్లనూ నిర్బంధించారు. మీ వయసు వాళ్లే.

మనకు ఇంకా నోరుంది. 2023 ఏప్రిల్ 21న తమిళనాడు శాసనసభ పన్నెండు గంటల పనిదినానికి దారి తీసే బిల్లును ఆమోదించింది. కార్మిక సంఘాలు, పాలక పక్షం మిత్రులు కూడా ఎదిరించారు. మే 1న స్టాలిన్ దాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. 2024 సెప్టెంబరు 9 నుంచి సుంగువార్‌చత్రంలో శాంసంగ్ కార్మికులు 37 రోజులు సమ్మె చేశారు. అడిగిన వాటిలో మొదటిది జీతం కాదు, మా యూనియన్‌ను గుర్తించండి అన్నది. మరుసటి జనవరిలో ఆ యూనియన్ నమోదైంది. చైనాలో జైలుకు పంపే పని ఇక్కడ చట్టబద్ధంగా గెలవవచ్చు. ఈ ఒక్క తేడాను కూడా వదులుకుని చైనా కావాలనడం ఏం తెలివి?

ఇక్కడ కొందరు అడ్డు తగులుతారు. ఫ్యాక్టరీలు వద్దంటారా, మన పిల్లల నోటి దగ్గరి కూడు తీస్తారా అని. తీయం. దేశంలో ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లలో 40 శాతానికి పైగా తమిళనాడులోనే ఉన్నారు. ఆ జీతంతో ఒక అమ్మాయి పెళ్లి మూడేళ్లు వెనక్కి జరుపుకుంది, తన పేరున బ్యాంకు ఖాతా తెరిచింది, తమ్ముడి ఫీజు కట్టింది, రెడ్డిగారింటి పెరటి వాకిలి ముందు చేయి చాచడం మానింది. ఇది చిన్న విడుదల కాదు. అందుకే దాన్ని ఎనిమిది నెలల్లో లాగేసుకునే కాంట్రాక్టరుకు వదిలేయకూడదంటున్నాం.

మన పాపం మరొకటి ఉంది, పైవాళ్లను అన్నాక అదీ చెప్పాలి. మిషనరీలు కొని పెట్టిపోయిన బడి స్థలాలు, ఆసుపత్రి స్థలాలు మన సంఘాల చేతుల్లో ఉన్నాయి. వాటిలో ఎన్ని ప్లాట్లయ్యాయి? కాంపౌండు గోడ పక్కన పట్టా లేని విశ్వాసి ఉంటే, గోడ లోపలి నేలను రియల్ ఎస్టేటువాడికి రాసిచ్చిన కమిటీలు మనవి కావా? నాబోతు ద్రాక్షతోట మీద ప్రసంగం చేసి, మధ్యాహ్నం అహాబు సంతకం పెట్టినట్టు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులకు షెడ్యూల్డ్ కులాల హోదా నిరాకరించిందని ప్రతి ఆగస్టు 10న నల్ల రిబ్బను కడతాం. కట్టాలి కూడా. కానీ ఆ రిబ్బను తీసేశాక మిగతా 364 రోజులు మన చేతిలో ఉన్నది పంచడానికి ఏ ఉత్తర్వు అడ్డం వచ్చింది?

ప్రథమ ఫలాల గురించి ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయం మీ బైబిల్లో తీసి, ఈసారి నిదానంగా చదవండి. గంప పట్టుకుని యాజకుడి ముందు నిలబడేది ఎవరు? నేల పొందినవాడు. ఐగుప్తులో వెట్టి చేశాం, దేవుడు విడిపించి ఈ నేల ఇచ్చాడు, ఆ నేలలో పండిన దాంట్లోంచి ఇది తెచ్చాను అని అతను చెప్పాలి. ముందు విడుదల, తర్వాత నేల, ఆ తర్వాతే గంప. ఇంకా వెట్టిలో ఉన్నవాళ్ల దగ్గర, నేల చిక్కనివాళ్ల దగ్గర గంప అడగలేదు. పైగా ఆ గంపలోది లేవీయుడితో పాటు పరదేశి కూడా తిని సంతోషించాలన్నాడు. ఒడిశా కూలీ మన కోత పండుగ భోజనానికి ఎన్నడైనా కూర్చున్నాడా?

వచ్చే కోత పండుగ లోపల మేము చేయబోయేవి చెబుతున్నాం, కలిసి వచ్చేవాళ్లు రండి. ఊత్తుకోట తాలూకా కార్యాలయంలో సమాచార హక్కు కింద అర్జీలు పెడతాం. ఏ ఊళ్లో ఎన్ని ఎకరాల పంచమి నేల ఉంది, ఇప్పుడు ఎవరి పేరున ఉంది అని ఊరికొకటి చొప్పున. తమిళంలో రాయగలిగిన పిల్లలు కావాలి. తెలుగు మాత్రమే వచ్చిన పెద్దలు పాత కాగితాలు వెతికి ఇస్తారు. నెలలో ఒక యూత్ మీటింగు పాటలు, క్విజ్‌లు మాని జీతం చీటీ చదవడం నేర్చుకుంటాం. పీఎఫ్ ఎంత కట్టారు, ఓవర్‌టైం ఎలా లెక్క వేశారు, కాంట్రాక్టరు లైసెన్సు ఎవరిది, 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు తీసుకునే కమిటీలో ఎవరున్నారు అన్నవి. సంఘ కమిటీలను ఆస్తుల జాబితా నోటీసు బోర్డు మీద అంటించమని అడుగుతాం. అంటించకపోతే మళ్లీ అడుగుతాం.

ఆ చెల్లెలి ఇంటికి పోయిన వారం నలుగురం వెళ్లాం. రావలసిన జీతం బాకీ, పీఎఫ్ నంబరు ఆమె ఫోనులో పాత మెసేజీల్లో దొరికాయి. కార్మిక శాఖకు పెట్టే అర్జీ రాసి చదివి వినిపిస్తే, ఒక తప్పు ఆమే దిద్దింది. తాను పోలేకపోయింది నాలుగు రోజులు కాదు, మూడే. నాలుగోది వారాంతపు సెలవు. సోమవారం తిరువళ్లూరు వెళ్తున్నాం. మూడున్నర బస్సు కాదు, ఎనిమిది గంటల బస్సు.